సిబిల్ రిపోర్టులో తప్పు పడిందా? సరిచేయించుకునే దారి ఇదీ

లోన్ రిజెక్ట్ అయిందని తెలియగానే మనవాళ్లు చేసే మొదటి పని బ్రాంచికి వెళ్లి మేనేజరుతో గొడవ పడటం. ఆయనేమో "నా చేతుల్లో ఏమీ లేదండీ, మీ సిబిల్‌లో అలా వస్తోంది" అంటారు. సిబిల్ వాళ్లకి ఫోన్ చేస్తే "బ్యాంకు పంపిందే మేం చూపిస్తాం, బ్యాంకునే అడగండి" అంటారు. ఇలా అటూ ఇటూ తిరిగి నెలలు పోగొట్టుకుని, ఈలోగా ఇచ్చిన అడ్వాన్సు గడువు దాటిపోయి, ఇల్లు చేజారిపోయినవాళ్లు ఉన్నారు. విసిగిపోయి చివరికి ఎవరో ఏజెంటు "కొంత డబ్బివ్వండి, స్కోరు నేను పెంచేస్తా" అంటే నమ్మేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. తప్పును సరిచేయించడానికి ఏజెంటు చేయగలిగిందంతా మీరే ఇంట్లో కూర్చుని పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. పైగా మీ పాన్ నంబరు, ఓటీపీ వేరేవాళ్ల చేతిలో పెట్టాల్సిన ప్రమాదం ఉండదు.

బ్యాంకు, సిబిల్ ఇద్దరూ చెప్పేది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. మీరు ఏ లోన్లు తీసుకున్నారో, ఎలా కట్టారో ఆ సమాచారం రాసి పంపేది బ్యాంకు. దాన్ని భద్రపరిచి అడిగినవాళ్లకి చూపించేది సిబిల్ లాంటి కంపెనీ. బ్యాంకు అవునని చెప్పకుండా ఆ కంపెనీ మీ లోన్ వివరాల్లో ఒక్క అంకె కూడా మార్చదు. అందుకే ఫిర్యాదు ఇద్దరికీ, వీలైతే ఒకే రోజున, రాతపూర్వకంగా వెళ్లాలి. బ్రాంచిలో నోటిమాటగా ఎన్నిసార్లు చెప్పుకున్నా అది ఎక్కడా నమోదు కాదు. రాసి ఇచ్చిన రోజు నుంచి మాత్రం గడియారం తిరగడం మొదలవుతుంది, ఆ గడియారానికి ఇప్పుడు డబ్బు లెక్క కూడా ఉంది. అది కింద చెప్తాను.

ముందు రిపోర్టులు తెప్పించుకోండి

అందరం సిబిల్ సిబిల్ అంటాం గానీ మన దేశంలో ఇలాంటి క్రెడిట్ సమాచార కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మీ వివరాలు నాలుగింటికీ పంపుతాయి. ఒకదాంట్లో సరిగ్గా ఉండి ఇంకోదాంట్లో తప్పుగా ఉండటం మామూలే. మీకు లోన్ ఇవ్వాల్సిన బ్యాంకు ఏ రిపోర్టు చూసి కాదందో ముందు అడిగి తెలుసుకోండి, ఆ రిపోర్టుతో మొదలుపెట్టండి, కానీ మిగతా మూడూ కూడా చూడండి. మైక్రోఫైనాన్స్ లోన్లు తీసుకున్నవాళ్లు క్రిఫ్ హై మార్క్ రిపోర్టును అస్సలు వదలొద్దు.

ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఈ నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు, స్కోరుతో సహా, ఉచితంగా ఇవ్వాలి. 2017 జనవరి నుంచి ఇది అమల్లో ఉంది. వాళ్ల సొంత వెబ్‌సైట్‌కే వెళ్లండి. తెరవగానే నెలకింత, ఏడాదికింత అని ప్యాకేజీలు పెద్దగా కనిపిస్తాయి, ఉచిత రిపోర్టు లింకు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతకండి. పేమెంట్ యాప్‌లలో కనిపించే స్కోరు మీద ఆధారపడొద్దు, అవి సాధారణంగా ఏదో ఒక కంపెనీ నుంచి తెచ్చిన సారాంశమే చూపిస్తాయి. ఇక మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గిపోతుందన్న భయం చాలామందిలో ఉంది, అది నిజం కాదు. లోన్ కోసం అప్లై చేసినప్పుడు బ్యాంకు చూస్తేనే అది ఎంక్వైరీగా లెక్కకొస్తుంది.

రిపోర్టును పీడీఎఫ్‌గా దాచుకోండి. సిబిల్ రిపోర్టు పైన కంట్రోల్ నంబర్ అని ఒకటి ఉంటుంది, ఫిర్యాదులో అదే మీ ఆనవాలు.

తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి

"నా స్కోరు తప్పు" అని ఫిర్యాదు చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. స్కోరు అనేది 300 నుంచి 900 మధ్య కంప్యూటర్ కట్టే లెక్క, లోపలి వివరాలు మారితే అదే మారుతుంది. కాబట్టి ఏ ఖాతాలో, ఏ గడిలో, ఏం రాసుంది, ఏం ఉండాలి, ఈ నాలుగూ మీకు స్పష్టంగా తెలియాలి.

పై నుంచి మొదలుపెట్టండి. పేరు, పుట్టినతేదీ, పాన్, ఫోన్ నంబర్లు, చిరునామాలు. దీన్ని అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తారు, కానీ మన వైపు పెద్ద చిక్కులు పుట్టేది ఇక్కడే. మన పేర్ల సంగతి తెలిసిందే కదా, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో వెంకటేశ్వరరావులు నలుగురుంటారు, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, బ్యాంకులో ఒక్క పొడి అక్షరం, ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా. దానికి తోడు బడిలో చేర్పించేటప్పుడు పంతులుగారు వేసిన జూన్ ఒకటో, జూలై ఒకటో పుట్టినతేదీలు. పాన్ సరిగ్గా ఎక్కని పాత లోన్ ఏదైనా ఉంటే ఇలాంటి ఇద్దరి వివరాలు కలిసిపోవడానికి అవకాశం ఉంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లు కూడా ఈ భాగం జాగ్రత్తగా చూసుకోవాలి. మీకు సంబంధం లేని ఊరి చిరునామా, మీది కాని ఫోన్ నంబరు కనిపిస్తే కింద ఖాతాల్లో కూడా ఏదో పరాయిది ఉందేమోనని అనుమానించండి.

తర్వాత ఖాతాల భాగం. ఒక్కో లోన్‌కి, ఒక్కో కార్డుకి ఒక్కో పెట్టె ఉంటుంది. మా బంధువు ఒకాయన రిపోర్టులో చూసింది చెప్తాను, ఇలాంటివి ఎలా చదవాలో తెలుస్తుంది. ఫ్రిజ్ కోసం తీసుకున్న చిన్న లోన్, ఆఖరి ఈఎంఐతో సహా అన్నీ కట్టేశారు. పెట్టెలో "కరెంట్ బ్యాలెన్స్" దగ్గర 413 రూపాయలు, "అమౌంట్ ఓవర్‌డ్యూ" దగ్గర అదే 413, "డేట్ క్లోజ్డ్" ఖాళీ. ఆ కింద నెలల వారీ వరుసలో మొదట అన్నీ 000, ఆఖరి ఈఎంఐ తర్వాత 030, 061, 091 అని పెరుగుతూ పోయింది. ఆ అంకెలు గడువు దాటి ఎన్ని రోజులైందో చెప్తాయి. అంటే ఎవరూ ఆయనకి చెప్పని ఏదో ఛార్జీ ఒకటి ఖాతాలో మిగిలిపోయి, దాని మీద ఆయన నెల నెలా ఎగవేతదారుగా నమోదవుతూ వచ్చారు. స్కోరు పడిపోయింది ఆ 413 వల్ల కాదు, దాని వెనక 000 స్థానంలో వచ్చి కూర్చున్న ఆ అంకెల వల్ల. ఇలాంటప్పుడు "ఎంతోకొంత కట్టేస్తే పోతుందిలే" అని కట్టేస్తే బాకీ పోతుంది గానీ ఆ 091 అలాగే ఉండిపోతుంది. ఆ ఛార్జీ ఎందుకు పడిందో ముందు రాతలో అడగాలి, అది అన్యాయంగా పడిందైతే ఛార్జీతో పాటు ఆ నెలల అంకెలు కూడా వెనక్కి సరిచేయమని కోరాలి. వరుసలో అక్కడక్కడ ఎక్స్ అక్షరాలు మూడు కనిపిస్తే కంగారు పడకండి, ఆ నెల బ్యాంకు సమాచారం పంపలేదని మాత్రమే అర్థం.

బ్యాంకుల విలీనాలు ఇంకో కారణం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్‌లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిశాయి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ గ్రామీణ బ్యాంకులు కలిసిపోయాయి. ఇలా కలిసినప్పుడు పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి, ఒకే లోన్ రెండుసార్లు కనిపిస్తోందేమో చూసుకోండి. మంజూరైన తేదీ, మొత్తం రెండింట్లో ఒకటే అయితే అది డూప్లికేటే. ఫైనాన్స్ కంపెనీ మీ లోన్‌ని వేరే కంపెనీకి అమ్మేసినప్పుడు కూడా ఇదే జరగొచ్చు.

"ఈ లోన్ నాది కాదు" అని కొట్టేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. యాప్‌లో తీసుకున్న లోన్, షాపులో ఈఎంఐ మీద కొన్న ఫోన్, ఇలాంటివి రిపోర్టులో యాప్ పేరుతోనో షాపు పేరుతోనో ఉండవు, వెనకున్న ఫైనాన్స్ కంపెనీ పేరుతో ఉంటాయి. ఆ పేరు మీరు జన్మలో విని ఉండరు. మొత్తం, తేదీ పోల్చి చూసుకోండి. అలాగే స్నేహితుడికో బావమరిదికో హామీ సంతకం పెట్టి ఉంటే ఆ లోన్ మీ రిపోర్టులో గ్యారంటర్‌గా వస్తుంది, అది తప్పు కాదు. పిల్లల్ని అమెరికా పంపడానికి తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్‌లో నాన్నగారు కో-అప్లికెంట్ అయితే, అబ్బాయి అక్కడ ఈఎంఐ మర్చిపోతే ఇక్కడ నాన్నగారి రిపోర్టులోనూ పడుతుంది. ఇదీ తప్పు కాదు, బాధాకరమే అయినా.

సరిచేయించలేనివి ఇంకో రెండున్నాయి. బ్యాంకుతో మాట్లాడుకుని బాకీలో కొంత తగ్గించి కట్టేస్తే "సెటిల్డ్" అని వస్తుంది, మీరు నిజంగానే అలా కట్టి ఉంటే దాని మీద ఫిర్యాదు చేసి లాభం లేదు. మిగిలిన మొత్తం కట్టేసి "క్లోజ్డ్" గా మార్పించుకోవచ్చు, అయితే అలా మారుస్తామని డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి. రెండోది పంట లోన్లు. మాఫీ డబ్బు ప్రభుత్వం వేసేదాకా ఆగి రెన్యువల్ చేయించకపోతే, ఆ మధ్యకాలం బ్యాంకు లెక్కలో బాకీయే. మాఫీ డబ్బు ఖాతాలో పడ్డాక కూడా ఓవర్‌డ్యూ చూపిస్తుంటే మాత్రం అది ఖచ్చితంగా తప్పు, అడగండి.

ఇంకో సంగతి, ప్రతి పెట్టెలో "డేట్ రిపోర్టెడ్" అని ఉంటుంది. మీరు లోన్ ముగించిన తేదీ కంటే అది పాతదైతే బ్యాంకు ఇంకా కొత్త సమాచారం పంపలేదన్నమాట. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలనే నిబంధన ఉంది కాబట్టి ఒక నెల ఆగి చూడండి. ఆ తేదీ కొత్తదై ఉండి కూడా లోన్ ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తే అప్పుడు ఫిర్యాదు.

కాగితాలు, ఆ తర్వాత ఫిర్యాదు

కట్టేసిన లోన్ అయితే నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం), లోన్ ఖాతా స్టేట్‌మెంట్. ఈఎంఐ ఆలస్యం అన్నది తప్పైతే ఆ నెలలో మీ ఖాతా నుంచి డబ్బు వెళ్లినట్టు చూపించే స్టేట్‌మెంట్ పేజీ. పేరు, పుట్టినతేదీ తప్పైతే పాన్, ఆధార్ కాపీలు. నో డ్యూస్ సర్టిఫికెట్ లేకపోతే ముందు దాన్ని రాతలో అడిగి తీసుకోండి.

సిబిల్ లాంటి ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయితే డిస్ప్యూట్, అంటే రిపోర్టులో తప్పుందన్న ఫిర్యాదు, పెట్టే చోటు ఉంటుంది, దానికి ఫీజు లేదు. ఏ ఖాతా, ఏ గడి అని ఎంచుకుని సరైన వివరం ఇవ్వాలి. ఒకే ఖాతాలో మూడు గడులు తప్పుగా ఉంటే మూడూ ఎంచుకోండి. బ్యాలెన్స్ మాత్రమే చెప్పి నెలల వరుస మర్చిపోతే బ్యాలెన్స్ మాత్రమే సరిచేసి ఫైలు మూసేస్తారు. అయ్యాక ఒక నంబరు వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అదే రోజు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి. ఆ మెయిల్ ఐడీ, పై అధికారుల వివరాలు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటాయి. బ్రాంచికి కూడా ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. హెడ్ ఆఫీసు తెలుగు రాష్ట్రాల బయట ఉంటే ఇంగ్లీషులో రాయడం మేలు, విషయం మాత్రం ఇంతే ఉండాలి:

"నా పేరు ఫలానా, పాన్ నంబరు ఫలానా. మీ దగ్గర తీసుకున్న ఫలానా నంబరు లోన్‌ను ఫలానా తేదీన పూర్తిగా కట్టేశాను, నో డ్యూస్ సర్టిఫికెట్ జత చేశాను. అయినా ఫలానా తేదీన తీసుకున్న సిబిల్ రిపోర్టులో (కంట్రోల్ నంబర్ ఫలానా) కరెంట్ బ్యాలెన్స్ ఇంత అని, ఓవర్‌డ్యూ ఇంత అని ఉంది, డేట్ క్లోజ్డ్ ఖాళీగా ఉంది, ఫలానా మూడు నెలల్లో ఆలస్యం చూపిస్తోంది. బ్యాలెన్స్, ఓవర్‌డ్యూ సున్నా చేసి, ముగిసిన తేదీ నమోదు చేసి, ఆ మూడు నెలల వివరాలు సవరించి నాలుగు క్రెడిట్ సమాచార కంపెనీలకూ పంపగలరు. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం రోజుకు 100 రూపాయల పరిహారం ఈ ఖాతాలో జమ చేయగలరు."

కింద మీ ఖాతా నంబరు, ఫోన్ నంబరు. అంతే. ఎంత బాధపడ్డారో, ఎన్నిసార్లు తిరిగారో రాయాలనిపిస్తుంది, రాయకండి. చదివేవాళ్లు అంకెలు, తేదీల కోసమే వెతుకుతారు.

30 రోజుల లెక్క

2023 అక్టోబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించాలి, ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకీ మీకు 100 రూపాయలు ఇవ్వాలి. ఆ 30 రోజుల్లో బ్యాంకుకి 21 రోజులు, ఆలోగా సరైన వివరాలు పంపకపోతే పరిహారం బ్యాంకు నెత్తిన పడుతుంది. బ్యాంకు సమయానికి పంపినా సిబిల్ లాంటి కంపెనీ ఆలస్యం చేస్తే ఆ కంపెనీ కట్టాలి. ఉదాహరణకి 52వ రోజున పరిష్కారమైతే 22 రోజులకి 2,200 రూపాయలు, పరిష్కారమయ్యాక ఐదు పనిదినాల్లో మీ ఖాతాలో పడాలి. డబ్బు పెద్దదేం కాదు, కానీ ఈ నిబంధన మీకు తెలుసని ఉత్తరంలో కనిపిస్తే ఫైలు కదిలే తీరే వేరు, అందుకే ఆ వాక్యం తప్పకుండా రాయమంటున్నాను. స్కోరు ఎందుకు తక్కువుందన్న గొడవకి మాత్రం ఈ పరిహారం వర్తించదు.

"మా వివరాలు సరిగ్గానే ఉన్నాయి" అని ఒక్క ముక్కలో తిరస్కరిస్తే అక్కడితో వదిలెయ్యకండి. కారణం చెప్పాల్సిన బాధ్యత వాళ్లది, రాతలో అడగండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి అయిన ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే సైట్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, వివరాలు కావాలంటే 14448కి ఫోన్ చేయొచ్చు. బ్యాంకుల మీదే కాదు, 2022 సెప్టెంబర్ నుంచి ఈ నాలుగు కంపెనీల మీద కూడా అక్కడ ఫిర్యాదు తీసుకుంటున్నారు. ముందు బ్యాంకుకి రాశామని చూపించే కాగితం లేకుండా వెళ్తే వెనక్కి పంపేస్తారు, స్టాంపు వేయించుకోమన్నది ఇందుకే. లాయరు అవసరం లేదు. జరిగింది తేదీల వరుసలో రాసి కాగితాలు జత చేస్తే చాలు.

మీ పేరు మీద ఎవరో లోన్ తీసుకుంటే

ఇది మామూలు తప్పు కాదు, ఇక్కడ ఒక్క రోజు కూడా ఆగొద్దు. 1930కి ఫోన్ చేసి గానీ, కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేసి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో కూడా రాసిచ్చి, ఆ కాపీలతో లోన్ ఇచ్చిన కంపెనీకి రాయండి. దరఖాస్తు కాపీ, ఫోటో, డబ్బు ఏ ఖాతాలో వేశారో చూపించమని అడగండి. ఆ ఖాతా మీది కాదని తేలితే సగం పని అయిపోయినట్టే. రికవరీ వాళ్లు ఫోన్ చేసి "ముందు కొంత కట్టండి, తర్వాత చూద్దాం" అంటే కట్టకండి. ఒక్క రూపాయి కట్టినా ఆ లోన్ మీదేనని ఒప్పుకున్నట్టు వాదిస్తారు. అడగకుండా వచ్చి మీరు యాక్టివేట్ చేయని క్రెడిట్ కార్డు రిపోర్టులో కనిపిస్తే అదీ నిబంధనకి విరుద్ధమే, యాక్టివేట్ కాకముందు దాని సమాచారం పంపకూడదు. వాడని కార్డు మూసేయమని రాస్తే, బాకీ ఏమీ లేనప్పుడు, ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేదంటే రోజుకు 500 రూపాయలు ఇవ్వాలి. వాడకుండా పడేసిన కార్డు మీద వార్షిక ఫీజు పడి "రిటన్ ఆఫ్" (ఇక వసూలు కాదని బ్యాంకు రాసేసుకున్న బాకీ) దాకా వెళ్లిన కేసులు చాలానే ఉన్నాయి కాబట్టి పాత కార్డులు ఈ వారమే తేల్చేసుకోండి.

సరిచేశామని మెసేజ్ వచ్చాక కొత్త రిపోర్టు తీసి మీరు రాసిన ప్రతి గడినీ పోల్చి చూడండి. ఆ తర్వాత మిగతా మూడు కంపెనీల రిపోర్టులు. ఒకచోట మారి ఇంకోచోట మారకపోతే పాత ఫిర్యాదు నంబరు చూపిస్తూ మళ్లీ రాయండి. కొత్త లోన్‌కి అప్లై చేసేది ఆ తర్వాతే, ఈలోపు నాలుగు బ్యాంకుల్లో ప్రయత్నిస్తే ఎంక్వైరీలు పేరుకుని కొత్త తలనొప్పి. బ్యాంకు ఉద్యోగాలకి ఎంపికైన పిల్లలు చేరే ముందు కూడా ఈ రిపోర్టు అడుగుతున్నారు. అలాంటివాళ్లు ఇంట్లో ఉంటే పరీక్ష రాసిన రోజుల్లోనే ఒకసారి చూసుకోమనండి, ఆఫర్ లెటర్ వచ్చాక 30 రోజులు చేతిలో ఉండవు.